బరువు బాధ్యతలు

బరువునూ బాధ్యతనూ మన పెద్దలు ఒకే మాటగా యెందుకు జతచేశారో నాకు యాభై యేడో యేటగాని బోధపడలేదు. పెళ్ళినాడు నేను 46 కిలోలు. అమ్మాయి పుట్టిన తరువాత 58. అబ్బాయి పుట్టాక 64. ఆ తరువాత యింట్లో యెవరూ పుట్టకపోయినా బరువు మాత్రం పుడుతూనే వచ్చింది. 2022 నాటికి 76 కిలోలు తూగాను. నా యెత్తు అయిదడుగుల ఒక అంగుళం. పెళ్ళినాటినుంచీ మారకుండా నిలిచింది అదొక్కటే.

లావుగా వున్నానని నేనేనాడూ దిగులు పడలేదు సుమండీ. లావు కావటాన్ని మన యిళ్ళలో "వొళ్ళు చేయటం" అంటారు. ఆ మాటలోనే కాస్త మెచ్చుకోలు వుంది. సంసారం చల్లగా వుందనటానికి యిల్లాలి వొళ్ళే గుర్తు. మావారు వుద్యోగంలో వున్నన్నాళ్ళూ, పిల్లలు చదువుకున్నన్నాళ్ళూ యెవరికేం కావాలో చూడటంతోనే పొద్దు గడిచిపోయేది. నాకేం కావాలో చూసుకోవటం కూడా ఒక పనేననీ, దానికీ రోజులో కొంత వేళ వుంచుకోవాలనీ నాకు తోచనే లేదు. తోచేటట్టు చేసింది మా మనుమరాలు. అప్పటికి దాని వయస్సు పదకొండు రోజులు.

2022 జనవరిలో అమ్మాయి హైదరాబాదునుంచి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున పురుటిస్నానం. మన యిళ్ళలో చంటిపిల్లకు నీళ్ళు పోసే పద్ధతి మీకు తెలియంది కాదు. చిన్నపీట వేసుకుని, కాళ్ళు చాపి, పిల్లను కాళ్ళమీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సెనగపిండితో నలుగు పెట్టి, గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా పొయ్యాలి. నా పిల్లలిద్దరికీ మా అమ్మ అలాగే పోసింది. నా మనుమరాలికి నేను పొయ్యాలని తొమ్మిది నెలలుగా అనుకుంటున్నాను. మా అమ్మ వాడిన పీట అటకమీదనుంచి దింపించి, కడిగించి, యెండబెట్టి సిద్ధంగా వుంచాను.

గోడ పట్టుకుని యెలాగో కూర్చున్నాను. పిల్లను కాళ్ళమీద వేశారు. తీరా ముందుకు వంగితే పొట్ట అడ్డం వచ్చింది. పిల్ల తల నా చేతికి సరిగా అందలేదు. నూనె రాసిన పసిబిడ్డ చేతుల్లో నిలవదు. సగం స్నానం చేయించి లేవబోయాను. మోకాళ్ళు నా మాట వినలేదు. ఒక చేతిలో పిల్ల, రెండో చేతికి పట్టు దొరకలేదు. "యేమండీ!" అని కేక పెట్టాను. మావారు రావటానికి ముందే, పచ్చి బాలింతరాలు, అమ్మాయి మంచం దిగి పరుగెత్తుకు వచ్చింది. తడినేలమీద దాని కాలు జారింది. తలుపు రెక్క పట్టుకుని నిలదొక్కుకుంది గనక సరిపోయింది. యెవరికీ యేమీ కాలేదు. కాలేదని యిన్నేళ్ళ తరువాత రాస్తున్నా చెయ్యి వణుకుతున్నది.

మర్నాటినుంచి నీళ్ళు పోయటానికి ఒక మనిషిని కుదుర్చుకున్నారు. ఆవిడ నాకన్నా ఆరేళ్ళు పెద్దది. సన్నగా, రివటలాగా వుంటుంది. పీటమీద చటుక్కున కూర్చునేది, పని కాగానే పిల్లతో సహా చటుక్కున లేచేది. నేను పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడేదాన్ని. నాకు అప్పగించిన పని అది. మూడు నెలలు తువ్వాలు పట్టుకున్నాను.

ఆ రోజుల్లో మా అమ్మ తరచు గుర్తుకు వచ్చేది. ఆవిడ అందరికీ వడ్డించి చివర తినేది. అదికూడా పళ్ళెం పెట్టుకుని కాదు, గిన్నె అడుగున మిగిలిన అన్నంలో కూర వేసి కలుపుకుని, నిలబడే తినేది. నలభై దాటాక చక్కెర జబ్బు వచ్చింది. మాత్రలు వేసుకునేది గాని పద్ధతి మార్చుకోలేదు. మార్చుకోమని మేమూ గట్టిగా చెప్పలేదు. చివరి రెండేళ్ళూ ఆవిడకు చూపు లేదు. నా గొంతు విని నన్ను గుర్తుపట్టేది. నాకూ అదే దారి రాసివుందా అని మొదటిసారి భయం వేసింది.

రక్తం పరీక్ష చేయించుకున్నాను. మూడు నెలల సగటు చక్కెర 6.2 వచ్చింది. 5.7 దాటితే హెచ్చరిక, 6.5 చేరితే జబ్బు. "యింకా యింట్లోకి రాలేదమ్మా, గడపలో నిలబడి వుంది" అన్నారు డాక్టరుగారు. తరువాత నా కిలోలను, యెత్తు మీటర్లను రెండుసార్లు పెట్టి భాగించారు. దాదాపు 32 వచ్చింది. తెల్లవాళ్ళకు 25 దాటితే యెక్కువ బరువంటారట. మన దేశస్థులకు ఆ గీత 23 దగ్గరే గీశారు, 25 దాటితే స్థూలకాయమే. మనకు కొవ్వు పొట్టచుట్టూ చేరటం యెక్కువ గనక తక్కువ బరువులోనే జబ్బు వస్తుంది. ఆడవారికి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, మగవారికి 90 దాటరాదు. నాది 98 వుంది.

యింటికి రాగానే నేను చేసిన మొదటి పని తెలివితక్కువ పని. అప్పట్లో మా చుట్టాల్లో ఒక పథ్యం పూనకంలాగా పాకివుంది. అన్నం మానాలి, గింజ ముట్టరాదు, నిమ్మకాయనీళ్ళూ కొవ్వూ మీద బతకాలి. నలభై రోజుల్లో ఆరు కిలోలు తగ్గాను. వాళ్ళకూ వీళ్ళకూ ఫోను చేసి చెప్పుకున్నాను. జుట్టు రాలుతుంటే అదీ చెప్పుకోలేదు. శ్రావణంలో నెల్లూరులో పెళ్ళికి వెళ్ళి బంతిలో కూర్చున్నాను. పులిహోర వడ్డించారు. అంతటితో నా పథ్యం ముగిసింది. దీపావళినాటికి 77 కిలోలు. పుట్టింటికి వెళ్ళిన కోడలు బిడ్డను చంకనేసుకుని తిరిగి వచ్చినట్టు, పోయిన ఆరు కిలోలూ యింకొక కిలోను వెంటబెట్టుకుని వచ్చాయి.

యిందులో నా లోపం ఒక్కటే లేదని తరువాత తెలిసింది. అమెరికాలో మిన్నెసోటాలో 1944, 1945 సంవత్సరాల్లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు అరకడుపు తిండి పెట్టి పరీక్షించాడు. వాళ్ళకు క్రమంగా వేరే ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదువుకుంటూ కూర్చున్నారట. తిరిగి తిండి పెట్టేసరికి మొదటికన్నా యెక్కువ కొవ్వు పట్టింది. వొంటిని కరువుకు గురిచేస్తే అది కరువుకు తగ్గట్టు పొదుపు చేస్తుంది, చేతికందగానే దాచుకుంటుంది. యిది చదివాక, పథ్యం రోజుల్లో నేను అర్ధరాత్రి సెల్‌ఫోనులో గుత్తివంకాయ కూర చేసే విధానం చూస్తూ కూర్చున్నందుకు సిగ్గు పోయింది.

ఆ డిసెంబరులో ఆహారం గురించి సలహా చెప్పే ఒక అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మా అమ్మాయికన్నా చిన్నది. "నిన్న యేం తిన్నారు?" అని అడిగింది. రెండు యిడ్లీ, మధ్యాహ్నం కొంచెం అన్నం, రాత్రి రెండు చపాతీ అని చెప్పాను. ఆమె రాసుకుని, "యివి కూర్చుని తిన్నవి. నిలబడి తిన్నవి చెప్పండి" అన్నది. నాకు మాట రాలేదు. నా చేతికి ఒక చిన్న పుస్తకం యిచ్చి, యేదీ మానవద్దు, యేడు రోజులపాటు నోట్లో పడ్డ ప్రతిదీ రాయండి అని పంపించింది.

ఆ పుస్తకం నా వద్ద యింకా వుంది. పొద్దున మావారి పళ్ళానికి పోసిన దోసెల్లో విరిగినది ఒకటి. అత్తగారు వద్దన్న పొంగలి. అన్నం మిగిలితే పారెయ్యలేక నాలుగు ముద్దలు. వేపుడు వుప్పు చూడటానికి గుప్పెడు. సాయంత్రం జంతికలు, డబ్బా మూత సరిగా పడుతుందో లేదో చూస్తూ రెండు. రోజుకు అయిదు కాఫీలు, కాఫీకి రెండు చెంచాల చక్కెర. అంటే కాఫీలోనే నలభై, యాభై గ్రాములు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు వుంటే మంచిదని చెప్పింది. నిలబడి తిన్నది, కూర్చుని తిన్నదానితో యించుమించు సమానమని తేలింది. నేను పారెయ్యలేని ప్రతి ముద్దనూ నా వొంట్లో పారేస్తూ వచ్చానన్నమాట.

కాబట్టి మా యింట్లో వచ్చిన మొదటి మార్పు తిండిలో కాదు, వడ్డనలో. నేనుకూడా పళ్ళెం పెట్టుకుని అందరితోపాటు కూర్చోవాలి. నిలబడి యేదీ తినరాదు. రెండోది, బియ్యం కొలత తగ్గించాలి. యిది చాలా కష్టమయింది. "యెవరైనా వస్తే?" అనే భయం మన ఆడవాళ్ళకు వుగ్గుపాలతో పోస్తారు. ఆలోచించి చూస్తే, యీ వూళ్ళో ముందు ఫోను చెయ్యకుండా మా యింటికి భోజనానికి వచ్చినవారు పదేళ్ళలో యెవరూ లేరు. రాని అతిథికోసం వండి, ఆయన వాటా రోజూ నేనే తింటున్నాను. ముగ్గురికి గ్లాసున్నర బియ్యం చాలని తేలింది.

పళ్ళెం లెక్క చాలా తేలిక. సగం పళ్ళెం కూరలు, పావు అన్నం, పావు పప్పు లాంటిది. పక్కన మజ్జిగ. 1918లో అప్పటి మద్రాసు రాజధానిలోని కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో యిచ్చిన సలహాల్లోకూడా సగం పళ్ళెం కూరలూ, పళ్ళూ అనే చెప్పారు. యిందుకు మనం పరాయి తిండి తినక్కర్లేదు. తోటకూర పప్పు, బీరకాయ, పొట్లకాయ, సొరకాయ పులుసు, చిక్కుడుకాయ కూర, యివన్నీ మన వంటలే. అన్నం గుట్టగా పోసి కూరను నంజుకోవటం మాని, కూర యెక్కువ పెట్టుకుని అన్నం దానికి జత చెయ్యాలి. నెలకు నాలుగు లీటర్ల నూనె అయ్యేది, యిప్పుడు రెండు. ఆవకాయ మానలేదు. ఆదివారం మధ్యాహ్నం, ఒక ముక్క. కాఫీలు రెండుకు దించాను, చక్కెర అరచెంచా. మొదటి పదిహేను రోజులూ కషాయం తాగినట్టుండేది. యిప్పుడు యెవరింట్లోనైనా మామూలు కాఫీ యిస్తే పాయసంలాగా వుంటున్నది.

మా అత్తగారికి యిదంతా నచ్చలేదు. అప్పటికి ఆవిడకు 84 యేళ్ళు. "అమ్మాయీ, నేను పుట్టి బుద్ధెరిగి నెయ్యి లేకుండా ముద్ద యెత్తలేదు. నాకేమయింది?" అన్నారు. 

"మీరు చిన్నప్పుడు యేం పని చేసేవారత్తయ్యా?" అన్నాను.

ఆవిడది కావలి దగ్గర పల్లెటూరు. వేకువజామున లేచి వడ్లు దంచేవారట, బావినుంచి నీళ్ళు మోసేవారట. రుబ్బుడు, విసురుడు అంతా చేతుల మీదే. పొద్దుగూకేటప్పటికి రాత్రి భోజనం ముగిసేది. "మొలకొలుకులు పండినా మాకు యింటికి దంపుడుబియ్యమే. మరలో ఆడించిన తెల్లబియ్యం పెళ్ళిళ్ళకే" అన్నారు. కాసేపు వూరుకుని, తనే మళ్ళీ, "నువ్వు తిరగలి తిప్పవుగా, నెయ్యి తగ్గించుకో" అన్నారు. ఆ రోజునుంచి ఆవిడ నా పక్షం. నేను వంటింట్లో నిలబడి యేదైనా నోట్లో వేసుకుంటే, హాల్లో కూర్చుని, చూపు ఆననివారే అయినా, "అమ్మాయీ, కూర్చుని తిను" అని కేకవేసేవారు.

యిక నడక. మా యింటికి దగ్గర లజ్ చర్చి రోడ్డులో నాగేశ్వరరావు పార్కు వుంది. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట వెలసిన పార్కు అని యీ పత్రిక చదివేవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆంధ్రపత్రిక, భారతి నడిపిన ఆ మహనీయుడే 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మొదటిరోజున నేను మోకాళ్ళకు అమృతాంజనం పట్టించుకుని, అమృతాంజనం వారి పార్కులో ఒక్క చుట్టు తిరిగి, బెంచీమీద కూలబడ్డాను. "పంతులుగారు నిన్ను రెండువిధాలా ఆదుకుంటున్నారు" అన్నారు మావారు. రెండోవారం రెండు చుట్లు. మూడు నెలలకు అరగంట ఆగకుండా నడవగలిగాను. వారానికి అయిదు రోజులు, అరగంట చొప్పున 150 నిమిషాలు. మన వూళ్ళో చిత్తిర యెండలకు పొద్దున ఆరు దాటితే నడవలేము గనక అయిదున్నరకే బయలుదేరాలి. అయిదున్నరకు బయలుదేరాలంటే రాత్రి పదిగంటలకు పడుకోవాలి. పదకొండున్నరదాకా సీరియల్ చూడటం అలా మానిపోయింది. నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి యెక్కువవుతుందని నా పుస్తకమే నాకు చూపించింది.

మోకాళ్ళ నొప్పి వున్నవారు నడవటమెలా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. నడక తోపాటు తొడలకు బలం రావాలన్నారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, మళ్ళీ మెల్లగా కూర్చోవాలి. మొదట మూడుసార్లు, తరువాత అయిదు, తరువాత పది. వయస్సు మీరిన ఆడవారికి కొవ్వు పెరగటం ఒక బాధయితే, కండ కరగటం రెండో బాధ. కండకు పని చెప్పకుండా కడుపు మాడ్చుకుంటే కొవ్వుతోపాటు కండా పోతుంది. అన్నట్టు ఆ కండలోని శక్తి రహస్యం తేల్చినవారిలో ఒకరు మనవారే. 1895లో భీమవరంలో పుట్టి, యీ చెన్నపట్నంలోనే మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలో ఫిస్కే అనే ఆయనతో కలిసి, కండలో శక్తి నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోనూ, ఏటీపీని 1929లోనూ లోకానికి చూపించారు. కుర్చీలోంచి పదోసారి లేచేటప్పుడు నాకు ఆయన గుర్తుకు వచ్చేవారు. మోకాళ్ళ సంగతి యింకొకటి. కీళ్ళనొప్పులున్న పెద్దవారిని పరీక్షించి 2005లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలిమీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. రెండు కిలోలు తగ్గేసరికి మెట్లు యెక్కటంలో తేడా యెందుకు కనిపించిందో అప్పుడు తెలిసింది.

మొదటి యేడు నేను తగ్గింది అయిదున్నర కిలోలు. యింతేనా అని నాకే వుసూరుమనిపించింది. డాక్టరుగారు మాత్రం చాలా సంతోషించారు. 2002లో ప్రకటించిన అమెరికా పరిశోధనలో 3,234 మంది పాల్గొన్నారట. వారిలో తిండి, నడక మార్చుకున్నవారి గురి బరువులో నూటికి 7 వంతులు తగ్గటమే. దానితోనే మధుమేహం వచ్చే అవకాశం నూటికి 58 వంతులు తగ్గింది. నా 76లో 7 వంతులంటే అయిదు కిలోల చిల్లరే గదా! అంతకన్నా నాకు ధైర్యమిచ్చింది మన వూరి పరిశోధన. యిక్కడి డాక్టరు ఎ. రామచంద్రన్‌గారు, వారి సహచరులు నాలాగా గడపలో నిలబడివున్న 531 మందిని తీసుకుని, మూడేళ్ళపాటు చూసి 2006లో ఫలితాలు ప్రకటించారు. మామూలుగా వున్నవారిలో నూటికి 55 మందికి జబ్బు వచ్చింది. తిండి, నడక సరిచేసుకున్నవారిలో 39 మందికి. బరువు పెద్దగా తగ్గకపోయినా యీ మేలు కనిపించింది. సాంబారన్నం తినేవారికి, యీ వుక్కలో నడిచేవారికి పనికివచ్చిందంటే నాకూ పనికివస్తుందని నమ్మకం కుదిరింది.

యిదంతా గీత గీసినట్టు సాగిపోయిందనుకోకండి. 2023 డిసెంబరులో మిగ్జాం తుఫాను వచ్చి మా వీధి చెరువయింది. పదిరోజులు నడక లేదు. దొరికినదే వండుకున్నాము. తగ్గాక మళ్ళీ మొదలుపెట్టటానికి మరో నెల పట్టింది. 2024 వేసవిలో అంతకన్నా పెద్ద ఆటంకం. అత్తగారు స్నానాలగదిలో పడి మణికట్టు విరిగింది. అన్నం తినిపించటం, జడ వెయ్యటం, రాత్రి రెండుసార్లు లేపి తీసుకువెళ్ళటం అంతా నాదే. నడక ఆగిపోయింది. మళ్ళీ నిలబడి తినటం మొదలయింది. రెండు నెలల్లో మూడు కిలోలు తిరిగి వచ్చాయి. తూకం చూసి, నా రాత యింతేనని పుస్తకం మూసేశాను.

అత్తగారు కనిపెట్టారు. ఒకనాడు సాయంత్రం అన్నం కలిపి దగ్గరికి తీసుకువెళితే నోరు తెరవలేదు.

"పార్కుకు పోవటంలేదేం?" అన్నారు.

"మిమ్మల్ని వదిలి యెలా పోనత్తయ్యా?"

"నాకు చెయ్యి విరిగింది, ప్రాణం పోలేదు. నువ్వు పడితే నన్ను లేపేదెవరు? మీ అమ్మ అందరికీ చేసి చేసి చివరికి నీ చేత చేయించుకుంది. నువ్వు నీ కూతురిచేత చేయించుకోవాలా? వాణ్ణి పిలువు, వాడు పెడతాడు అన్నం."

మావారు అరవై నాలుగేళ్ళ వయస్సులో మొదటిసారి తల్లికి అన్నం కలిపి తినిపించారు. సగం నేలపాలయింది. ఆవిడ పల్లెత్తుమాట అనలేదు. నేను చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళాను. ఆ సాయంత్రం పార్కులో రెండు చుట్లే తిరిగాను గాని, నా మూడేళ్ళ శ్రమలో అంత బరువు దించుకున్న రోజు యింకొకటి లేదు. అప్పటినుంచి సాయంత్రం నలభై నిమిషాలు నావి. యింట్లో యెవరూ అడగరు, నేనూ సంజాయిషీ చెప్పను.

మొన్న 2025 వుగాదికి మన సంఘంలో భోజనాలకు వెళితే, పలకరించినవారిలో సగంమంది, "అయ్యో, యిలా చిక్కిపోయారేమండీ, షుగరా?" అని పరామర్శించారు. వొళ్ళు చేస్తే అభినందన, తగ్గితే పరామర్శ. షుగరు రాకుండా వుండటానికే తగ్గానని చెపితే, యే మందు వాడుతున్నారని అడిగారు. మందులూ వచ్చాయి. వారానికొకసారి పొడుచుకునే సూదిమందులు కొన్ని 2025లో మన దేశంలో అమ్మకానికి పెట్టారు. అవసరమైనవారికి డాక్టర్లు యిస్తారు, అందులో తప్పేమీ లేదు. నాకు అక్కరపడలేదు. ఒక్కమాట మాత్రం మనవి. చక్కెరకు మాత్రలో, యిన్సులినో వాడేవారు తిండి తగ్గించేముందు తమ డాక్టరును తప్పకుండా అడగాలి. నాలాగా చుట్టాల మాట విని మొదలుపెట్టకూడదు.

యిప్పుడు నా బరువు 66 కిలోలు. పది కిలోలు తగ్గటానికి రెండేళ్ళపైన పట్టింది. లెక్క ప్రకారం యింకా గీతకు అవతలే వున్నాను. నడుము 88. చక్కెర 5.8, యింకా గడపలోనే వుంది గాని వెనక్కి తిరిగి నిలబడిందంటారు డాక్టరుగారు. బరువు తిరిగి రాదని ప్రమాణం చెయ్యలేను. ఆ అమెరికావాళ్ళను పదేళ్ళ తరువాత 2009లో మళ్ళీ చూస్తే, తగ్గిన బరువు చాలామటుకు తిరిగి వచ్చిందట. అయినా జబ్బు వచ్చే అవకాశం మిగతావారికన్నా నూటికి 34 వంతులు తక్కువగానే వుందట. కాబట్టి తూకం చూసుకుని యేడవటం మానేశాను. నెలకొకసారి చూస్తాను. రోజూ చూసుకునేవి రెండే: కూర్చుని తిన్నానా, నడిచానా.

2025 ఆగస్టులో అమ్మాయికి రెండో కాన్పు. అత్తవారింట్లోనే పోసుకుందామనుకున్నారు. అమ్మాయే "అమ్మ దగ్గరికే వెళతాను" అన్నదట. ఆ మాట వియ్యపురాలు ఫోనులో చెపితే నేను కాసేపు పలకలేకపోయాను. మగపిల్లవాడు పుట్టాడు. పదకొండో రోజున పీట వేయించాను. మా అత్తగారు గుమ్మందగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "నీళ్ళు మోచేత్తో చూశావా? తలకు చెయ్యి అడ్డం పెట్టు, కళ్ళలో పడుతుంది" అని ఒకటే అజమాయిషీ. వాడు వూరంతా వినిపించేటట్టు యేడ్చాడు. మూడున్నరేళ్ళ మనుమరాలు పక్కన నిలబడి, "అమ్మమ్మా, నాకూ నువ్వే పోశావా?" అని అడిగింది. "ఒక్కరోజు పోశానమ్మా" అన్నాను.

పిల్లవాణ్ణి రొమ్ముకు అదుముకుని, ఒక చెయ్యి గోడకు ఆనించి లేచాను. గోడ పట్టుకున్నందుకు మావారు మార్కులు తగ్గించబోయారు గాని, ఆయనకు తీరిక లేకపోయింది. తువ్వాలు పట్టుకోవటం యిప్పుడు ఆయన పని.